గిటారమ్మకి ఒక కుర్చీ

ఆ సాయంత్రం గిటారు మోగిన మోతకి హాలు పైకప్పు పెంకులు మూడు లేచి అవతలి వీధిలో పడ్డాయి. ఎదురు మేడలో గడ్డం గీసుకుంటున్న పెద్దమనిషి ఉలిక్కిపడి సగం మీసం పోగొట్టుకున్నాడు. పాలవ్యాను డ్రైవరు ఉరుమనుకుని అద్దాలు ఎత్తేశాడు. మైకు లేదు, స్పీకరు లేదు. ఆరు తీగలు, నాలుగు గోళ్ళు, ఒక చెక్క. అంతే. నమ్మనివాళ్ళు నమ్మకపొండి, ముందు ఆ గోళ్ళు ఎవరివో చెప్పనివ్వండి.

ఆవిడ సంగీత పాఠశాలలో గిటారు పంతులమ్మ. యాభై రెండేళ్ళ మనిషి, అందులో ఇరవై ఆరేళ్ళు ఆ ఉద్యోగంలోనే గడిచాయి. పాఠశాలలో ప్యూను దగ్గర్నుంచి ప్రిన్సిపాలు దాకా అందరికీ గిటారమ్మ. ఆవిడ గది కింది అంతస్తులో ఆ చివర, మెట్ల కింద ఉండేది. సగం గదినిండా కాలు విరిగిన కుర్చీలు. మెట్ల వాలుకి పైకప్పు కూడా వాలిపోయి ఉండేది కాబట్టి పొడుగుపాటి శిష్యులు ముందు తల కొట్టుకుని, ఆ తర్వాత పాఠం మొదలెట్టేవారు. శిష్యులంటే పిల్లకాయలు కారు. బ్యాంకాయన, ఆస్పత్రి నర్సమ్మ, రిటైరైన పోలీసులు ఇద్దరు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకోని ఆ పోలీసులిద్దరూ ఇప్పుడు పక్కపక్కన కూర్చుని ఒకే పాట రెండు వేగాల్లో వాయించేవారు.

పాఠశాలకి ఆనుకునే పెద్ద హాలు. హాలుకి అరవైమంది ఆర్కెస్ట్రా. ఆర్కెస్ట్రా ఆఫీసు గోడ మీద కుర్చీల పటం ఒకటి వేలాడుతూ ఉండేది. వాయిద్యానికొక సున్నా చుట్టి, ఎవరెక్కడ కూర్చోవాలో సిరాతో రాసి ఉండేది. ఏదో కాగితం పనిమీద ఆ ఆఫీసుకి వెళ్ళినప్పుడల్లా గిటారమ్మ కళ్ళు ఆ పటం మీదికే పోయేవి. ముక్కోణపు ఇనుప చువ్వని గంటకి మూడుసార్లు టింగుమనిపించి మిగతాసేపు కునుకు తీసే ఆయనకి కూడా సున్నా ఉంది. గిటారుకి లేదు.

ఎందుకు లేదంటే, అదేం బ్రహ్మరహస్యం కాదు. వయొలిన్లు పెళ్ళివారిలా ముప్ఫైమంది కట్టగట్టుకుని వస్తాయి. బాకా ఒక్కటి చాలు వీధివీధంతా లేవడానికి. గిటారు మాత్రం చెవి దగ్గరికొచ్చి మాట్లాడే రకం. ఇదొకటి. రెండోది ఇంకా పెద్ద చిక్కు. ఆర్కెస్ట్రాలకి కొత్త సంగీతం రాసేవాళ్ళు నూటికి తొంభైమంది పియానో ముందు పెరిగినవాళ్ళు. పియానో మీద ఏ స్వరం ఎక్కడుందో పళ్ళు ఇకిలించినట్టు కనపడిపోతుంది. గిటారు మీద ఒకే స్వరం మూడు చోట్ల దాక్కుంటుంది. దాన్ని ఎక్కడ పట్టుకుంటే మిగతా స్వరాలకి వేళ్ళు మిగులుతాయో వాయించేవాళ్ళకే తెలుస్తుంది. అందుకని గిటారుకి రాసినవాళ్ళు చాలామంది గిటారు వాయించేవాళ్ళే. వాళ్ళు గదిలో కూర్చుని వాయించుకునేట్టు రాసుకున్నారు. ఈమధ్య గాలి కాస్త మారిన మాట నిజమే. చెక్క మీద వేళ్ళతో దరువెయ్యమని ఒకరు, తీగని గోటితో బరకమని ఒకరు, వేణువు పక్కన గుసగుసలాడమని ఒకరు, కొత్తగా రాసేవాళ్ళు గిటారు గుమ్మం తొక్కుతున్నారు. గిటారమ్మ అవన్నీ వాయించింది. వాయించింది మాత్రం ముప్ఫై కుర్చీల గదుల్లో. వచ్చిన ముప్ఫైమందిలో పదిమంది ఆవిడ శిష్యులే.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం పై గది మాస్టారు మెట్లు దిగి వచ్చాడు.

ఈ పై గది మాస్టారు సరిగ్గా ఆవిడ నెత్తిమీది గదిలో పియానో పెట్టుకుని సంగీతం రాస్తూ, రాయడం ఎలాగో నేర్పుతూ ఉండేవాడు. నలభై దాటాయి. తాటిచెట్టు పొడుగు, చేటంతేసి చేతులు.

"మేడమ్, ఖాళీయేనా?"

"మెట్ల కింద ఖాళీ ఎక్కడిది మాస్టారూ! తల వంచుకుని రండి."

తల వంచుకోకుండానే వచ్చాడు. టంగుమంది.

"హాలు రిపేర్లయ్యాక మళ్ళీ తెరుస్తున్నారు కదండీ, ఆ రోజుకి నన్నో కొత్తది రాయమన్నారు" అన్నాడు నుదురు రుద్దుకుంటూ. "రాశాను. గిటారుకీ, ఆర్కెస్ట్రాకీ."

ఆవిడ అప్పుడు గోళ్ళు అరగదీసుకుంటోంది. చేతిలో ఆకురాయి ఆగిపోయింది. "అంటే ఆర్కెస్ట్రాలో గిటారు కూడా ఉంటుందంటారు."

"కాదు మేడమ్. గిటారే పెళ్ళికూతురు. అరవైమందీ చుట్టాలు."

"ఎవరు వాయిస్తారు?"

"ఆ ప్రశ్నకి జవాబుగా నేను మళ్ళీ తల కొట్టుకోవాలా?"

గిటారమ్మకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆకురాయి తీసుకుని బాగానే ఉన్న గోరుని మళ్ళీ అరగదీసింది.

అయితే ఒక మెలిక ఉంది. ఆర్కెస్ట్రాని నడిపే పెద్దాయన్ని అందరూ కర్రాయన అంటారు. చేతిలో సన్నటి తెల్ల కర్ర, నాలుక మీద కారం. ఆయన మాస్టారికి ముందే చెప్పేశాడు. మైకు పెడితే కర్ర కింద పారేసి ఇంటికెళ్ళిపోతాడు. మైకు లేకుండా చివరి వరస దాకా వినపడితే గిటారు. వినపడకపోతే ఆ వాయింపంతా నిలువెత్తు తీగల వాయిద్యం హార్పుకి. ఇరవై రోజుల్లో మొదటి రిహార్సల్. గోడ మీది పటంలో ముందు వరసలో కొత్త సున్నా ఒకటి చుట్టి, పెన్సిల్‌తో గిటారు అని రాశారట. దాని కిందే, అదే పెన్సిల్‌తో, హార్పు అని కూడా రాశారట.

"రాత విషయంలో మీరు బెంగ పెట్టుకోకండి" అని మాస్టారు చంకలోంచి రాసిన కాగితాలతో పాటు ఒక అట్టముక్క తీశాడు. గిటారు మెడంత ఉంది. దానిమీద నిలువునా ఆరు తీగలు, అడ్డంగా పన్నెండు మెట్లు గీసి ఉన్నాయి. "ఇదే నా గిటారు. ఊహించి రాసింది ఒక్కటీ లేదు. స్వరాల గుత్తి ఒక్కోటీ దీనిమీద నా వేళ్ళు పెట్టి, అందుతుందని చూసుకున్నాకే కాగితం మీదికి ఎక్కించాను. ఏ వేలు ఎక్కడో ఎర్రచుక్కలు పెట్టాను. దగ్గర ఉంచుకోండి."

పియానో మనిషి గిటారు కోసం ఇంత కష్టపడ్డాడా అనుకుంది ఆవిడ. కాగితాలూ అట్టా గుండెలకి అదుముకుని ఇంటికి పట్టుకెళ్ళింది.

ఇంట్లో ఉండేది ముగ్గురే. ఆవిడ, బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసే భర్త, అత్తగారు. అత్తగారు నలభై ఏళ్ళు దర్జీ పని చేసి మానేశారు. అంటే దుకాణం మానేశారు, కొలతలు మానలేదు. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా మెడలో వేలాడే టేపు దానిమీద పడాల్సిందే. ఎనభై ఏళ్ళ ఆవిడకి ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పనిచేసేది. కోడలి వాయింపు ఆవిడకి ఇన్నేళ్ళలో వినపడింది తక్కువ, కనపడింది ఎక్కువ.

గిటారమ్మ భోజనాల బల్ల దగ్గర కూర్చుని కాగితాలు విప్పింది. మొదటి పేజీ బాగుంది. రెండోది ఇంకా బాగుంది. మూడో పేజీలో పెద్ద గుత్తి వచ్చింది. మొత్తం వాయింపుకి ప్రాణం అదే, ఏడుసార్లు వస్తుంది. చూపుడువేలు మందపు తీగ మీద మొదటి మెట్టు దగ్గర ఆనాలి, చిటికెనవేలు ఆరో మెట్టు అందుకోవాలి. ఆనించింది. చాచింది. ఒక వేలు వెడల్పు తక్కువైంది. మణికట్టు తిప్పి చూసింది, మోచెయ్యి ముందుకు తోసి చూసింది, ఊపిరి బిగపట్టి చూసింది. ఆ వేలు వెడల్పు మాత్రం తగ్గలేదు.

అట్టమీద చూస్తే ఎర్రచుక్కలు హాయిగా ఉన్నాయి. ఆయన వేళ్ళు పెట్టి చూసుకున్నానన్నాడు కదా! మరైతే లోపం ఎక్కడ? ఆవిడ తన ఎడమచేతిని వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంది. వయసొచ్చేసిందన్నమాట.

ఆ రోజు మొదలు పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో చెయ్యి నానబెట్టడం, బల్ల అంచుకి వేళ్ళు ఆనించి సాగదీయడం, మళ్ళీ మళ్ళీ గుత్తి పట్టడం. వారం గడిచింది. చెయ్యి వాచింది, గుత్తి రాలేదు.

"గ్రీజు పెట్టనా?" అన్నాడు భర్త. "మా డిపోలో పట్టేసిన వాటన్నిటికీ అదే మందు."

"మీ వేళాకోళాలకి నేనే దొరికానా!"

"వేళాకోళం కాదోయ్. వెళ్ళి ఆయనకి చెప్పొచ్చుగా, ఇది కుదరట్లేదని. రాసినాయన నెత్తిమీద గదిలోనే ఉన్నాడు, దేశాంతరం పోలేదుగా."

ఆవిడ తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంది. తర్వాత అంది, "వయొలిన్ ఆవిడ నాకు రాదంటే, ఆవిడకి రాదంటారండీ. ఇంకో ఆవిడని పిలుస్తారు. నేను రాదంటే, గిటారుకే రాదంటారు. హార్పుకిచ్చేస్తారు. ఇరవై ఆరేళ్ళకి ఒక సున్నా చుట్టారు, అదీ పెన్సిల్‌తో. దాన్ని నా నోటితో నేనే చెరుపుకోనా?"

మెకానిక్కు ఇంక గ్రీజు మాటెత్తలేదు. నీళ్ళు వేడిచేసి తెచ్చి పెట్టాడు.

మర్నాడు అత్తగారు కర్టెను అంచు మడవడానికి బల్ల ఖాళీ చేస్తూ ఆ అట్టముక్క ఎత్తారు. గీతలున్న వస్తువు చేతికొస్తే ఆవిడ ఊరుకుంటారా? టేపు పడింది. కాసేపు అట్టని, కాసేపు సోఫాలో ఉన్న గిటారుని కొలిచి, కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ కొలిచారు.

"ఏమే అమ్మాయీ, ఎవరిదీ అట్ట?"

"మాస్టారిది అత్తయ్యా" అని కుడి చెవి వైపు వంగి అరిచింది గిటారమ్మ. "ఆయన గిటారు అది!"

"అరవకు, పక్కింటివాళ్ళు మనం పోట్లాడుకుంటున్నామనుకుంటారు. ఇది గిటారేమిటి నా మొహం, అడుగు స్కేలు!"

"ఏంటీ?"

"ఇలా రా. నీ చెక్క మీద మొదటి ఇల్లు చూడు. అంగుళంన్నరకి వెంట్రుకవాసి తక్కువ. పన్నెండో ఇల్లు ముప్పావు అంగుళం. ఈ కొసన వెడల్పు, పొట్ట దగ్గరికి పోయేకొద్దీ సన్నం. చొక్కా చెయ్యి కూడా అంతేగా, భుజం దగ్గర ఎంతుంటుంది, మణికట్టు దగ్గర ఎంతుంటుంది? మరి ఈ అట్ట మీద పన్నెండిళ్ళూ తలా ఒక అంగుళం! మీ మాస్టారు దిండు గలేబు కొలతలు తీసుకుని చొక్కా కుట్టాడే!"

గిటారమ్మ అట్ట మీదికి వంగింది. "మొదటి మెట్టు నుంచి ఆరో మెట్టుకి ఎంతుంది అత్తయ్యా?"

"అట్ట మీద అయిదంగుళాలు." టేపు గిటారు మీదికి జరిగింది. "దీనిమీద ఆరు. నీ చెయ్యి బంగారంలా ఉంది. దాన్ని ఊరికే నీళ్ళలో ఉడకబెట్టకు."

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ మెట్ల మీదే బతికిన మనిషికి అట్ట మీది గీతలు ఎలా కనపడలేదని అడుగుతారేమో. కనపడలేదు. ఎర్రచుక్కలే చూసింది. ఎవరింటి మెట్లు వాళ్ళు లెక్కపెట్టుకుంటూ దిగరు కదా! గిటారమ్మ బల్లమీద తల వాల్చి నవ్వడం మొదలెట్టింది. నవ్వు మధ్యలో ఏడుపైంది, ఏడుపు మళ్ళీ నవ్వైంది. అత్తగారు ఏడుపు భాగం చూడనట్టు కర్టెను మడిచారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ చంకలో గిటారు, చేతిలో అట్ట పట్టుకుని పై గదికి ఎక్కింది. అట్టని గిటారు మెడ మీద పెట్టి చూపించింది. మాస్టారి మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పన్నెండు మెట్లు... మెడ పొడుగు దగ్గరదగ్గర అడుగు..." అని నసిగాడు. "స్కేలు పెట్టి గీశాను మేడమ్. ఎంత చక్కగా సరిపోయిందో అని మురిసిపోయాను కూడా. ఈ గుత్తి తీసేస్తాను, ఇవాళే."

"ముందు దాన్ని మీ పియానో మీద ఒకసారి వినిపించండి."

వాయించాడు. గిటారమ్మ ఇన్నాళ్ళూ ఆ గుత్తితో కుస్తీ పట్టిందే గాని దాన్ని పూర్తిగా వినలేదు. వింది. మూసి ఉన్న గదిలో ఎవరో ఒక్క కిటికీ రెక్క తోసినట్టుంది.

"దీన్ని తీసేశారంటే మిమ్మల్ని మళ్ళీ నా గది గుమ్మం తొక్కనివ్వను. మొదట్లోనే వచ్చి నన్నడిగితే ఈ పాట్లు తప్పేవి కదా మాస్టారూ!"

"మీరూ వారం కిందటే వచ్చి నాతో చెప్పొచ్చు కదా మేడమ్!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన పియానో మనిషినని సిగ్గుపడి అడగలేదు, ఆవిడ గిటారు పరువు పోతుందని చెప్పలేదు. మధ్యలో ఒక అంతస్తు, పద్దెనిమిది మెట్లు.

గిటారమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. చూపుడువేలు ఏ స్వరం కోసం అంత దూరం పోతోంది? మందపు తీగ మొదటి మెట్టు. ఆ తీగనే ఒక మెట్టు బిగిస్తే? అప్పుడు ఆ స్వరం వేలు పెట్టకుండానే, ఖాళీ తీగ మీదే పలుకుతుంది. బిరడా కొంచెం కొంచెం తిప్పింది. తీగ మూలిగి, సర్దుకుంది. చూపుడువేలికి పని తప్పిపోయింది, మిగతా వేళ్ళు హాయిగా దగ్గరికి చేరాయి. మీటింది.

నొక్కిపట్టిన తీగ పళ్ళు బిగించి పాడుతుంది, వదిలేసిన తీగ గొంతు విప్పి పాడుతుంది. పియానో మీద కిటికీ రెక్క అయినది గిటారు మీద తలుపులన్నీ బార్లా తీసినట్టయింది. మాస్టారు లేచి నిలబడ్డాడు. తప్పు కొలతలోంచి పుట్టిన గుత్తికి సరైన ఇల్లు దొరికింది.

కాకపోతే ఒక తీగ బిగిస్తే దాని మీద ఉండే స్వరాలన్నీ ఇల్లు మారతాయి. యాభై రెండేళ్ళ చెయ్యి అలవాటుగా పాత ఇంటి తలుపే తట్టేది. మిగిలిన పన్నెండు రోజులూ గిటారమ్మ ఆ ఒక్క తీగకీ తనకీ కొత్తగా పరిచయం చేసుకుంటున్నట్టు కూర్చుంది. పదో రోజుకి చెయ్యి మాట విన్నది.

రిహార్సల్ రోజు వచ్చింది. అరవైమంది మధ్య, ముందు వరసలో ఒక కుర్చీ. ఎడం పక్కన హార్పు అక్కయ్య తన వాయిద్యం నిలబెట్టుకుని, ఊలు స్వెట్టరు అల్లుకుంటూ కూర్చుంది. మనిషి మంచిదే. పిలిస్తే వచ్చింది.

కర్రాయన కొంతసేపు నడిపించి, కర్ర మాస్టారి చేతికిచ్చి, హాలంతా నడుచుకుంటూ చివరి వరసకి పోయి నిలబడ్డాడు. ఆర్కెస్ట్రా సాగుతూనే ఉంది. బాకాలు గొంతు పెంచాయి, వయొలిన్లు ముప్ఫైమందీ ఒక్క పెట్టున లేచాయి, వాటి మధ్యలో పెద్ద గుత్తి వచ్చింది. గిటారమ్మ బలమంతా పెట్టి మీటింది. తీగలు గరగరలాడాయి.

అంత దూరం నుంచి కర్రాయన గొంతు వినపడింది. "చేతులైతే కదులుతున్నాయి మేడమ్! చేపల తొట్టి చూస్తున్నట్టుంది!"

కొందరు నవ్వారు. ఏడుసార్లూ అదే కథ. గట్టిగా కొట్టినకొద్దీ తీగ చెడిందే గాని హాలు దాటలేదు. కర్రాయన వెనక్కి వచ్చి, "రేపు పొద్దున పదింటికి ఇంకొక్కసారి చూస్తాను. ఆ తర్వాత మొహమాటం లేదు" అని హార్పు వైపు చూశాడు. హార్పు అక్కయ్య స్వెట్టరు వైపు చూసుకుంది.

సాయంత్రం క్లాసుకి గిటారమ్మ కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళింది. మెట్ల కింద శిష్యులు ఒకటే గోల. పోలీసాయనలిద్దరూ ఏదో బస్సు ఎన్నింటికి వస్తుందన్నదాని మీద అరుచుకుంటున్నారు, బ్యాంకాయన మధ్యవర్తిత్వం చేస్తూ వాళ్ళిద్దరికంటే ఎక్కువ అరుస్తున్నాడు. గిటారమ్మ వాళ్ళని ఎప్పుడూ నోటితో మందలించదు. కుర్చీలో కూర్చుని నెమ్మదిగా వాయించడం మొదలెడుతుంది. వాళ్ళు ఆపకపోతే ఇంకా నెమ్మదిగా, అప్పటికీ ఆపకపోతే ఇంకాస్త. అదేమిటో వినాలన్న ఆత్రం కొద్దీ ఒక్కొక్కరే నోరు మూస్తారు. ఆ రోజూ అలవాటు కొద్దీ అదే చేసింది. నర్సమ్మ ముందు ఆగింది. బ్యాంకాయన ఆగాడు. పోలీసాయన ఒకరు, "ఉష్, వినబడనివ్వండి" అన్నాడు రెండో ఆయనతో.

గిటారమ్మ చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"ఇవాళ్టికి క్లాసు లేదు, ఇళ్ళకి పొండి" అని పద్దెనిమిది మెట్లూ పరిగెత్తి ఎక్కింది. "మాస్టారూ, రబ్బరు ఉందా?"

"ఏ రబ్బరు?"

"చెరిపే రబ్బరు! నన్ను అరిపించొద్దు. వాళ్ళని ఆపండి. గుత్తి వచ్చే ఏడు చోట్లా, దానికి ముందు అరవైమందికీ ఒక్క క్షణం ఖాళీ. గుత్తి మోగుతున్నంతసేపూ ఖాళీ. ఆ తర్వాత వాళ్ళిష్టం."

మాస్టారు ఆలోచించాడు. అలా ఆలోచిస్తూనే రబ్బరు తీశాడు. అరవైమంది కాగితాల్లో ఏడేసి చోట్లు. భోజనం వేళకల్లా పియానో మీద రబ్బరు పొట్టు మంచులా పేరుకుంది.

పొద్దున పదింటికి అత్తగారు కూడా తయారై హాలుకి వచ్చారు. "నా అంగుళం ఏమైందో నేను చూసుకోవద్దా?" అని చివరి వరసలో చివరి కుర్చీ ఎక్కారు. కర్రాయన వచ్చి ఆవిడ పక్కనే నిలబడ్డాడు. వేదిక మీంచి గిటారమ్మ అంది, "ఇవాళ నిన్నటికంటే తక్కువ వాయిస్తానండీ."

"తక్కువా?" అన్నాడు కర్రాయన. "నిన్నటికంటే తక్కువంటే ఇంట్లో కూర్చోవడమే కదమ్మా!"

మాస్టారు చెయ్యెత్తాడు. మొదలైంది. బాకాలు, వయొలిన్లు, పెద్ద డ్రమ్ము అన్నీ కలిసి మెట్టుమెట్టుకీ పైకెక్కి, ఆఖరి మెట్టు మీద ఒక్కసారిగా ఆగిపోయాయి. అరవైమంది గాలిలో చేతులు పెట్టుకుని నిలిచారు. ఆ ఖాళీలో గిటారమ్మ తొందరపడకుండా మీటింది. మందపు తీగ గొంతు విప్పింది, దానిమీద మిగతావి ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. గుత్తి వేదిక దిగి, ఖాళీ కుర్చీల మీదుగా, తొందరేం లేనట్టు నడుచుకుంటూ పోయింది.

"ఆఁ! ఇదీ! ఇప్పుడు వినపడిందర్రా!" అని చివరి వరసలోంచి కేక. అత్తగారు లేచి నిలబడ్డారు. పక్కకి తిరిగి, "ఏం బాబూ, నీకు వినపడలేదా? చెవుల్లో ఏమన్నా అడ్డమా?" అన్నారు కర్రాయనతో.

కర్రాయన అలాగే నిలబడి ఉన్నాడు. "ఇంకా వినపడుతోంది మామ్మగారూ" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ కాగితం మీద రాయలేదు. ఖాళీ అయ్యాక అరవైమందీ మళ్ళీ ఎత్తుకోవాల్సి వచ్చినప్పుడు, నిద్రపోతున్న ఇంట్లోకి చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చినట్టు వచ్చారు. ఎవరూ చెప్పకుండానే తగ్గించుకున్నారు. ముక్కోణం ఆయన ఆ రోజు కునుకు తియ్యలేదు. ఏడో గుత్తి అయ్యేసరికి హార్పు అక్కయ్య ఊలు ఉండ సంచీలో వేసుకుని లేచింది. "నాకిక్కడ పనేం లేదు. ఆ కుర్చీ ఆవిడకి పొట్టిగా ఉంది. నాది తీసుకోండమ్మా, ఎత్తు సరిపోతుంది" అని తన కుర్చీ తనే మోసుకొచ్చి వేసింది.

ఇప్పుడు హాలు తెరిచిన సాయంత్రం సంగతీ, పెంకుల సంగతీ. ఆ హాలుకి పైన సిమెంటు స్లాబు. ఆ వీధి మొత్తం వెతికినా పెంకు అనేది లేదు. మీసం పెద్దమనిషి ఆ వేళ నాలుగో వరసలో కూర్చున్నాడు, రెండు వైపులా నిండు మీసంతో. జరిగింది పూర్తిగా తలకిందులు. ఎనిమిది వందలమంది కదలకుండా మెదలకుండా కూర్చున్నారు. దగ్గు వచ్చిన ఒకాయన మొదటి భాగమంతా దాన్ని గొంతులోనే అణచుకుని టొమాటోలా ఎర్రబడ్డాడు. టిక్కెట్లు చింపే మనిషి చేతిలో టిక్కెట్టు సగం చింపి ఆగాడు. ఏడోసారి గుత్తి వచ్చినప్పుడు గిటారమ్మ మీటి, రెండు చేతులూ పైకి తీసేసింది. తీగ దాని ఇష్టం వచ్చినంతసేపు పాడుకుంది. అది పూర్తిగా ఆగేదాకా ఎవరి చెయ్యీ చప్పట్లకి లేవలేదు.

అప్పుడు లేచింది చూడండి చప్పుడు! పెంకుల కప్పే అయ్యుంటే మూడేం ఖర్మ, ముప్ఫై లేచిపోయేవి. శిష్యులంతా కుర్చీలెక్కారు. పోలీసాయనలిద్దరూ మొదటిసారి ఒకే వేగంతో చప్పట్లు కొట్టారు. మెకానిక్కు గ్రీజు మరకల చేతులెత్తి, "మా ఆవిడేనండీ! మా ఆవిడే!" అని పక్కవాళ్ళకీ, వాళ్ళ పక్కవాళ్ళకీ చెప్పుకుంటూ పోయాడు. వేదిక మీద అరవైమందీ లేచి నిలబడ్డారు. గిటారమ్మ హార్పు అక్కయ్య ఇచ్చిన కుర్చీలోంచి లేచి, ఎటు నమస్కారం పెట్టాలో తెలియక ముందు గిటారుకి పెట్టింది.

సోమవారం ఆఫీసుకి వెళ్ళి చూస్తే గోడ మీది పటంలో హార్పు అన్న పెన్సిల్ మాట లేదు. గిటారు అన్నది సిరాతో ఉంది. కర్రాయన స్వయంగా దిద్దాడట, కాస్త వంకరగా.

ఆ ఏడాది మెట్ల కింది గదికి రాకపోకలు ఎక్కువయ్యాయి. సంగీతం రాసేవాళ్ళు ఒక్కొక్కరే దిగి వచ్చేవారు, తల కొట్టుకునేవారు, "మేడమ్, గిటారుకి ఆర్కెస్ట్రాతో ఒకటి అనుకుంటున్నాను" అనేవారు. గిటారమ్మ గోడ మేకు వైపు చూపించేది. అత్తగారు అసలు గిటారు మెడని అచ్చుతీసి, చొక్కా నమూనాలు కత్తిరించినట్టు అట్టమీద కత్తిరించి, గుత్తిగా వేలాడదీశారు. వెడల్పు ఇల్లు వెడల్పుగా, సన్నది సన్నగా, అంగుళాలతో సహా. ఒక్కొక్కటి తీసుకెళ్ళి రాసుకోవడమే. మొదటిది పై గది మాస్టారు పట్టుకెళ్ళాడు. ఏడాది తిరిగేసరికి గిటారుకి కొత్తవి మూడు తయారయ్యాయి. వాటిలో ఒకదాన్ని కర్రాయనే అడిగి రాయించుకున్నాడు.

ఇందులో నేను కల్పించింది ఒకటుంది, ఒప్పేసుకుంటాను. పెంకులు కాదు, వాటిని ఎప్పుడో దించేశాను. అట్ట నిజం, అంగుళం నిజం, చివరి వరసలో కేక అక్షరాలా నిజం. అత్తగారి చెవుడు మాత్రం నాది. కథకి కాస్త ఉప్పు తగులుతుందని ఒక చెవి పూర్తిగా, ఒక చెవి సగం నేనే ఊడబెరికాను. ఆవిడవి పాము చెవులు. ఇది నేను ఎవరికో గుసగుసగా చెబుతుంటే, రెండు గదుల అవతల కుట్టుమిషను ఆపి, "చెవిటిదాన్నని ఎవడ్రా అన్నదీ?" అని టేపు పట్టుకుని బయల్దేరారు.